తివాచీ వెనకవైపు

మా ఇంట్లో తివాచీ ఎప్పుడూ లేదు. జంపఖానా ఉండేది. నాన్న వైపు వరంగల్ చుట్టాలు దాన్నే శత్రంజి అనేవాళ్ళు, అమ్మ వైపు వాళ్ళు జంపఖానా అనేవాళ్ళు. ఎరుపూ నీలం చారలది, మంచి బరువు, దులిపితే గది నిండా దుమ్ము. నోములకీ, నిశ్చితార్థాలకీ, ఎవరైనా పోతే పదో రోజుకీ అదే అటక మీంచి దిగేది. దాని మీద కూర్చున్నవాళ్ళ గురించి మా ఇంట్లో బోలెడు కథలున్నాయి. నేసినవాళ్ళ గురించి ఒక్కటీ లేదు. ఆ సంగతి నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా తట్టనే లేదు.

తట్టించినవాడు హైదరాబాదులో ఒక హస్తకళల ప్రదర్శనకి వచ్చిన కశ్మీరీ వర్తకుడు. నేను కొనేదాన్ని కాదని చూడగానే అర్థమైవుంటుంది, అయినా ఓపికగా ఒక్కో తివాచీ విప్పాడు. నేను పువ్వులూ తీగలూ చూస్తూ ఆహా అంటుంటే, చివరికి ఒకదాని మూల పట్టుకుని తిరగేశాడు. "ముందువైపు బొమ్మ ఉంటుంది మేడం, వెనకవైపు పని ఉంటుంది. పని చూడండి," అన్నాడు హిందీలో. వెనకాల అదే పువ్వు, అదే తీగ, కాకపోతే చిన్న చిన్న గింజలు పేర్చినట్టు. ఒక్కో గింజా ఒక ముడి. వేలితో తడిమితే గరుకుగా తగిలింది.

ఆ రోజు కొనలేదు. కానీ తివాచీల చరిత్ర ఎక్కడ కనపడ్డా చదవడం మాత్రం అప్పుడే మొదలైంది. చదివేకొద్దీ ఆ చరిత్రంతా ముందువైపు నుంచే రాశారేమో అనిపించింది. వెనకవైపు నుంచి చూస్తే దారి ఏలూరు మీదుగా పోతుందని నేనైతే అనుకోలేదు.

*

ముందు ఆ ముడి సంగతి. నిలువుగా బిగించిన మగ్గం మీద పడుగు దారాలుంటాయి. నేసేవాళ్ళు రెండు పడుగు దారాలు పట్టుకుని, వాటి చుట్టూ ఒక ఊలు పోగు తిప్పి, ముందుకి లాగి, కత్తితో తెంపుతారు. నిజానికి అది మనం తాడుకి వేసే ముడి లాంటిది కాదు, ఒక మెలిక. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. వరస పూర్తయ్యాక అడ్డంగా పేక దారం పోనిచ్చి, పంజా అనే దువ్వెన లాంటి పనిముట్టుతో దిగ్గొడతారు. తర్వాత మళ్ళీ కొత్త వరస. తెంపిన పోగుల కొసలే మన కాళ్ళకి మెత్తగా తగిలే బొచ్చు. జంపఖానాలో ఈ బొచ్చు ఉండదు, పడుగూ పేకా మాత్రమే. ఆ రెంటికీ తేడా అదే.

ముడిలో రెండు రకాలున్నాయి. పోగు రెండు దారాలనీ పూర్తిగా చుట్టుకుంటే టర్కీ ముడి. ఒకదాన్ని చుట్టుకుని రెండోదాని వెనక నుంచి ఊరికే దూరి వస్తే పర్షియా ముడి, దీనికే సెన్నా ముడి అని ఇంకో పేరు. సెన్నా అంటే ఇరాన్‌లోని సనందజ్ ఊరు. తమాషా ఏమిటంటే ఆ సెన్నా ఊళ్ళో నేసేవాళ్ళు వేసేది టర్కీ ముడి! పేర్లు పెట్టినవాళ్ళు మగ్గం దగ్గర కూర్చోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ఓ మామూలు తివాచీ. చదరపు అంగుళానికి వంద ముడులు అనుకుందాం, అది పెద్ద గొప్పేమీ కాదు. మొత్తం 3,45,600 ముడులు. చెయ్యి తిరిగినవాళ్ళు రోజుకి ఎనిమిది వేలు వేశారనుకున్నా ఒక మనిషికి నలభై మూడు రోజులు. అదీ ఒక్కరోజు కూడా మానకుండా, నడుం ఎత్తకుండా. నేను దాన్ని రెండు నిమిషాలు చూసి పక్కన పెట్టేశాను.

*

మనకి దొరికిన తివాచీల్లో దాదాపు పూర్తిగా మిగిలిన అతి పాతది సైబీరియా మంచులోంచి బయటపడింది. 1949లో సెర్గీ రుడెంకో అనే పురావస్తు పరిశోధకుడు అల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనేచోట ఒక శక నాయకుడి సమాధి తవ్వాడు. అంతకు చాలా ముందే దొంగలు ఆ సమాధికి కన్నం వేసి బంగారం పట్టుకుపోయారు. వాళ్ళు చేసిన కన్నంలోంచి నీళ్ళు దిగి, గడ్డకట్టి, లోపల మిగిలినవాటిని దాదాపు 2,400 ఏళ్ళు కాపాడాయి. దొంగలకి పనికిరాదనిపించిన తివాచీ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. రెండు మీటర్ల లోపు చదరపు ముక్క. అంచు చుట్టూ గుర్రాలతో మనుషులు, లోపలి వరసలో దుప్పులు. పన్నెండు లక్షలకు పైగా ముడులు. అంత నేర్పు ఒక్కరోజులో రాదు కాబట్టి ఈ పని అంతకు ఎన్నో తరాల ముందే మొదలై ఉండాలి. ఎవరు మొదలుపెట్టారో చెప్పే ఊలు మాత్రం ఎప్పుడో చీకిపోయింది.

తర్వాతి కథలో పేర్లు వస్తాయి. కానీ ఎవరి పేర్లు? పదిహేను, పదహారు శతాబ్దాల్లో టర్కీ తివాచీలు యూరప్‌కి చేరాయి. అక్కడ వాటిని నేల మీద వేసేంత ధైర్యం చాలామందికి లేదు, బల్లల మీద పరిచారు. చిత్రకారులు ఆ బల్లల్ని బొమ్మలుగా వేశారు. ఈనాటికీ ఒక రకం తివాచీని 'హోల్బైన్', ఇంకో రకాన్ని 'లోటో' అంటారు. హోల్బైనూ లోటో తివాచీలు నేయలేదు, తివాచీల బొమ్మలు వేశారంతే. నేసిన చేతులకి పేరు లేకపోయింది, చూసి బొమ్మ గీసినవాడి పేరు వస్తువుకి అతుక్కుంది.

పేరు మిగిలిన అరుదైన తివాచీ ఒకటుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని అర్దబీల్ తివాచీ. పదిన్నర మీటర్ల పొడవు, రెండున్నర కోట్లకు పైగా ముడులు. ఒక చివర చిన్న గడిలో మఖ్సూద్ కాషానీ అనే పేరూ, హిజ్రీ 946 అనే సంవత్సరమూ నేసి ఉన్నాయి. అంటే 1539-40. తనని తాను ఆ గుమ్మానికి సేవకుణ్ణని చెప్పుకున్నాడాయన. 1893లో విలియం మోరిస్ దాన్ని చూసి, ఎలాగైనా కొనాలని మ్యూజియానికి చెప్పాడు. రెండు వేల పౌన్లకి కొన్నారు. దానికో జత తివాచీ కూడా ఉండేది. దాని ముక్కలు కోసి దీని చిరుగులకి అతికారని తర్వాత బయటపడింది. పోతే, మఖ్సూద్ కూడా పనిని నడిపించినవాడే అయుంటాడు. ఆ మగ్గం ముందు ఒకేసారి పది మంది దాకా కూర్చుని ఉంటారని అంచనా. ఆ పదిమంది పేర్లకి గడి లేదు.

*

మన వైపు సంగతి చూద్దాం. పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో టర్కీ ప్రాంతం గుండా వెళ్తూ ప్రపంచంలోకెల్లా అందమైన తివాచీలు అక్కడే నేస్తారని మెచ్చుకున్నాడు. అదే మార్కో పోలో కాకతీయుల మోటుపల్లి రేవు గురించి చెబుతూ సాలెగూడులాంటి సన్నని నూలు బట్టల్ని మెచ్చుకున్నాడు, తివాచీల ఊసెత్తలేదు. మన ఎండలకి ఊలు బొచ్చు ఎవరికి కావాలి? చాప చాలు. ఊలు మనకి తెలియనిది కాదు. గొల్లకురుమలు నల్లగొర్రెల ఊలుతో గొంగళ్ళు నేస్తూనే ఉన్నారు. కానీ గొంగడి వేరు, ముడులు వేసిన తివాచీ వేరు.

తివాచీ మనకి మనుషులతో పాటు వచ్చింది. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. ఆయన తర్వాత కూడా కవులు, వైద్యులు, గుర్రాల వ్యాపారులు, లెక్కలు రాసేవాళ్ళు ఇరాన్ నుంచి వస్తూనే ఉన్నారు. మచిలీపట్నం రేవుకీ పర్షియా సింధుశాఖకీ మధ్య ఓడలు తిరిగేవి. ఉత్తరాన అక్బరు ఆగ్రాలో, ఫతేపూర్‌లో, లాహోర్‌లో తివాచీల కార్ఖానాలు పెట్టించాడని అబుల్ ఫజల్ రాశాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ మొగలుల కథే పెద్దక్షరాల్లో ఉంటుంది. దక్కన్ కథ చివర్లో ఒక పేరా.

ఆ పేరాలో నన్ను ఆపేసిన మనిషి స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. మదరాసు కోటలో ఈస్టిండియా కంపెనీ పెద్ద. 1679లో కంపెనీ కొఠీల లెక్కలు చూసుకోడానికి మచిలీపట్నం వైపు వచ్చి, ఏలూరు వెళ్ళాడు. తన డైరీలో ఇలా రాసుకున్నాడు: ఇక్కడ పర్షియా పద్ధతిలో చాలా మంచి తివాచీలు చేస్తారు, చేసేది పర్షియా జాతివాళ్ళు, వందేళ్ళకు పైగా అయిందట వాళ్ళు వచ్చి. అంటే 1579కి ముందే. అక్బరు కార్ఖానాలకి దాదాపు సమకాలం. ఆ వందేళ్ళలో ఆ కుటుంబాలు ఏ భాషలో కలలు కన్నాయో, సంతలో బేరాలు ఏ భాషలో ఆడాయో డైరీలో లేదు. నూరేళ్ళు ఏలూరులో ఉన్నాక తెలుగు రాకుండా ఉంటుందా!

మాస్టర్ మగ్గాన్ని కూడా వర్ణించాడు. నూలు పడుగు నిలువుగా బిగించి ఉంది. దాని ముందు రంగురంగుల ఊలు పోగులతో ముడులు వేస్తున్నది ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు మగపిల్లలు. తివాచీ వెనకవైపు ఒక పెద్దమనిషి నిలబడ్డాడు, చేతిలో కాగితం మీద గీసిన నమూనా. ఏ రంగు పోగు ఎంత వెయ్యాలో చెబుతున్నాడు, పిల్లలు వేస్తున్నారు. వేసిన పోగుని కత్తెరతో కత్తిరించి తర్వాతిదానికి పోతున్నారు.

ఇది చదివిన రోజు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ వర్ణనలో జాలి లేదు, కోపమూ లేదు. ఒక వ్యాపారి సరుకు ఎలా తయారవుతుందో చూసి రాసుకున్న వాక్యాలు. కానీ మూడున్నర శతాబ్దాల కిందటి ఏలూరు పిల్లల్ని మనకి చూపించేది ఆ వాక్యాలే. కశ్మీరీ వర్తకుడు నాతో అన్నది గుర్తొచ్చింది. వెనకవైపు పని ఉంటుంది. 1679లో వెనకవైపు కాగితం పట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. పని ముందువైపు, పిల్లల వేళ్ళలో ఉంది.

*

ఆ తివాచీలు ఏమయ్యాయి? కాళ్ళ కింద పడ్డవి అరిగిపోయాయి. మన వానలకీ పురుగులకీ ఊలు ఎక్కువకాలం ఆగదు. కానీ కొన్ని దక్కన్ తివాచీలు ఎవరూ ఊహించని చోట బతికాయి. జపాన్‌లోని క్యోటోలో ప్రతి జులైలో గియోన్ పండగ జరుగుతుంది. మన రథాల్లాంటి పెద్ద పెద్ద బళ్ళని వీధుల్లో లాగుతారు. ఆ రథాల పక్కలకి అలంకారంగా ఒక్కో వీధి వర్తకులు తమ దగ్గరున్న ఖరీదైన విదేశీ వస్త్రాలు వేలాడదీస్తారు. 1641 తర్వాత నాగసాకి రేవులో యూరప్‌వాళ్ళలో ఒక్క డచ్చివాళ్ళకే వ్యాపారం చేసుకునే వీలుండేది. ఆ డచ్చి కంపెనీకి కోరమండల్ తీరంలో, మచిలీపట్నంలోనూ, కొఠీలున్నాయి. దక్కన్‌లో నేసిన తివాచీలు ఓడలెక్కి, నాగసాకిలో దిగి, క్యోటో వర్తకుల పెట్టెల్లోకి చేరాయి. ఏడాదికోసారి బయటికి తీసి, మళ్ళీ మడిచి దాచడం వల్లే రంగులు చెడలేదు. గత శతాబ్దం చివర్లో పరిశోధకులు ఆ రథాల తివాచీల్ని తిరగేసి, దారం మెలికా ముడీ చూసి, వీటిలో కొన్ని దక్కనువని తేల్చారు. ఇక్కడ కూడా వెనకవైపే సాక్ష్యం చెప్పింది.

వాటిలో ఏదైనా ఏలూరుదా? తివాచీ మీద ఊరి పేరు ఉండదు. అయినా ఆ పండగ ఫొటోలు చూసినప్పుడల్లా నా కళ్ళు రథం మీదుండవు, పక్కన వేలాడే గుడ్డ మీదుంటాయి.

*

1851లో లండన్‌లో మహాప్రదర్శన జరిగింది. వరంగల్ తివాచీలు అక్కడికి వెళ్ళాయి. చూసినవాళ్ళు ఆ రంగుల పొందికకి ముచ్చటపడ్డారు. ముచ్చటపడ్డాక జరగవలసిందే జరిగింది: ఆర్డర్లు వచ్చాయి, చవగ్గా కావాలన్నారు, త్వరగా కావాలన్నారు. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో మచిలీపట్నం తివాచీల గురించి వాపోయాడు. ఒకప్పుడు ఎంతో గొప్పవైన వాటిని ఇంగ్లీషు దిగుమతిదారులే చవక సరుకు అంటగట్టి పాడుచేశారనీ, ఇప్పుడు వాటి వెన్నులో ఇంగ్లండు పురికొస ఉంటోందనీ రాశాడు. 1856లో పెర్కిన్ కనిపెట్టిన కృత్రిమ రంగు వెనకే వచ్చిన కొత్త రంగులు లక్కనీ నీలిమందునీ పక్కకి తోశాయి. వాటిలో చాలా రంగులు ఎండకి వెలిసిపోయేవి.

దీనికి తోడు జైళ్ళు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆగ్రా, లాహోర్, యెరవాడ జైళ్ళలో ఖైదీల చేత తివాచీలు నేయించారు. కూలి లేదు, పని ఆగదు, గడువు తప్పదు. బయట కూలి ఇచ్చి నేయించేవాడు ఆ ధరకి ఎలా అమ్మగలడు? బర్డ్‌వుడ్ దీని మీద కూడా మండిపడ్డాడు. జైలు తివాచీలు ఈ కళని చంపేస్తున్నాయన్నాడు. నిజమే. కానీ ఒకటి గమనించాలి. ఆయన బాధంతా నమూనా చెడిపోతోందని, రంగు చెడిపోతోందని. ఖైదీ గురించి కాదు. అలాగే పాత పద్ధతి పోయిందని ఏడ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ పాత పద్ధతిలో మగ్గం ముందు ఎవరు కూర్చునేవారో అడగలేదు.

ఇక్కడ నా ఇబ్బంది చెప్పాలి. నాకు ఈ తివాచీలు అందంగా కనిపిస్తాయి. అది అబద్ధం కాదు. అర్దబీల్ తివాచీ ఫొటో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ అందాన్ని మెచ్చుకుంటూనే పిల్లల గురించి బాధపడటం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు ఉంటుందేమోనని అనుమానం. అంత సన్నని పనికి చిన్న వేళ్ళు కావాల్సిందేనని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదే నిజమైతే, ఆ అందానికి ఆ పిల్లలే మూల్యం అని ఒప్పుకోవాలి.

అది నిజం కాదు. 1990ల్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం కొందరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్, భదోహీ ప్రాంతపు మగ్గాల మీద అధ్యయనం చేశారు. చిన్న వేళ్ళ వాదన అక్కడ నిలబడలేదు. సన్నని, ఖరీదైన పని చేస్తున్నది ఎక్కువగా పెద్దవాళ్ళే. పిల్లల్ని పెట్టుకునేది వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయని కాదు, వాళ్ళు అడిగే కూలి సన్నగా ఉంటుందని. ఆ రోజుల్లోనే కైలాశ్ సత్యార్థి లాంటివాళ్ళ చొరవతో, పిల్లల చేత నేయించలేదని పూచీ ఇచ్చే రగ్‌మార్క్ ముద్ర 1994లో వచ్చింది. ఇప్పుడు దాని పేరు గుడ్‌వీవ్. ఆ ముద్ర కూడా తివాచీ వెనకవైపే ఉంటుంది.

ఈ సంగతి తెలిశాక నాకు తేలికపడలేదు. ఇంకా బరువెక్కింది. ఏలూరులో ఆ పిల్లలు తప్పనిసరి కాదన్నమాట. పక్కన నిలబడ్డ పెద్దాయన కూర్చుని నేయగలడు. కాకపోతే తివాచీ కొంచెం ఖరీదయ్యేది.

*

వరంగల్‌లో ఇప్పుడు ఎక్కువగా మిగిలింది దరీలు, అంటే మా ఇంటి జంపఖానా బంధువులు. కొత్తవాడలో మగ్గాలున్నాయి. వరంగల్ దరీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి వస్తుంది, మనిషికి రాదు. అయినా ఊరి పేరైనా మిగలడం నయమే.

ఈ వ్యాసం రాస్తూ మొన్న అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, మన పాత జంపఖానా ఎక్కడ కొన్నారు?"

"అది జైలుది కదే. మీ నాన్నగారు వరంగల్ జైలు దుకాణంలో కొన్నారు. జైలు సరుకు గట్టిగా ఉంటుందని అందరూ అక్కడే కొనేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళయింది, ఒక్క పోగు ఊడిందా చూడు!"

ఆ మాటలో మెచ్చుకోలు తప్ప ఇంకేం లేదు. నేనూ ఏం అనలేదు. 1886 నాటి ఆ జైలుని 2021లో పడగొట్టారు, ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. ఖైదీల్ని వేరే జైళ్ళకి మార్చారు. మా జంపఖానా నేసినాయన ఎవరో, ఏం చేసి లోపలికి వెళ్ళాడో, ఎన్నేళ్ళకి బయటికొచ్చాడో, ఎంత కూలి ముట్టిందో ఇక చెప్పే గోడ కూడా లేదు. ఆయన నేసినదాని మీద మా అక్క నిశ్చితార్థం జరిగింది. తాతయ్యని ఆఖరిసారి పడుకోబెట్టింది దాని మీదే.

పోయిన ఆదివారం ఇంటికెళ్ళి దాన్ని అటక మీంచి దింపాను. దులిపి, ఎండలో వేసి, తిరగేసి చూశాను. జంపఖానాకి వెనకా ముందూ తేడా ఉండదు, రెండువైపులా ఒకటే. అయినా చూశాను. ఒక మూల, అంచుకి జానెడు దూరంలో, నీలం చార మధ్య ఎర్ర పోగు ఒకటి తప్పుగా పడి ఉంది. ఇన్నేళ్ళలో ఎవరం చూడలేదు. నేసేటప్పుడు ఒక క్షణం ఆయన దృష్టి ఇంకెటో పోయుంటుంది.